ఒక నంబరు పెద్దది

చెప్పుల దుకాణం మొయినుద్దీన్ ఒక్కో కన్నం దగ్గర లేసును గుంజి బిగిస్తున్న కొద్దీ, పక్కన నిలబడ్డ ఎల్లేశం ఒక్కో అడుగు వెనక్కి జరిగాడు. బూటు తన కాలికి కాదు, బిడ్డ కాలికి. అయినా చెప్పులో ఉన్న అతని కుడికాలి వేళ్లు వాటంతటవే ముడుచుకున్నాయి.

“చాలు భాయ్. గంత గుంజితే ఎట్ల?”

“మడమ లేవద్దన్నా. మడమ లేసిందంటే పాదం ముందుకు జారుతది, వేళ్లు పోయి గోడకు కొడతయి,” అన్నాడు మొయినుద్దీన్ తల ఎత్తకుండానే. “లే బేటా, నడువు.”

సారక్క లేచింది. ఆమె వీపున పెద్ద సంచి ఉంది. అందులో బియ్యం మూట, నీళ్ల సీసాలు, ఒక దుప్పటి. అడవికి ఎంత బరువు మోస్తావో అంత బరువుతోనే దుకాణానికి రమ్మన్నాడు మొయినుద్దీన్. బరువు మీద పడితే పాదం వెడల్పవుతుందట. పొద్దుటి పాదం వేరు, మాపటి పాదం వేరట. అందుకే గోదావరిఖని బజారులో దీపాలు పెట్టే వేళకు తండ్రీబిడ్డలు ఆ మూటతో వచ్చారు. దుకాణం ఎదురుగా బజ్జీలు వేసే అవ్వ జల్లిగరిటె పక్కన పెట్టి మరీ చూసింది.

“ఏం బిడ్డా, మూటాముల్లె సదురుకున్నవ్? మీ బాపు ఎల్లగొట్టిండా?”

“లేదవ్వా, పులుల ఫోటోలు తియ్యపోతున్న.”

“పులులదా! నా ఫోటో తియ్యరాదే, నేను కరవను గూడ.”

సారక్క చెప్పింది వేళాకోళం కాదు. అడవిలో జంతువులను లెక్కపెట్టే బృందంలో ఆమెకు పని దొరికింది. కాసిపేట అవతల అడవుల్లో చెట్లకు కెమెరాలు కట్టాలి, మళ్లీ వెళ్లి విప్పుకురావాలి. తిండి, నీళ్లు, గుడారం అన్నీ వీపు మీదే. బరువు బూట్లు వద్దనీ, కొండదారుల్లో పరుగెత్తేవాళ్లు తొడిగే తేలిక షూ కొనుక్కొమ్మనీ, కాలికి కుదరకపోతే మాత్రం రావద్దనీ బృందం పెద్ద చెప్పాడు. ఇంకో రెండు వారాల్లో బయలుదేరాలి.

దుకాణం ముందు స్కూటర్ ఎక్కించే సిమెంటు వాలు ఉంది. మొయినుద్దీన్ ఆమెను దాని మీద పైకీ కిందికీ నడిపించాడు.

“దిగేటప్పుడు వేళ్లు తగుల్తున్నయా?”

“లేదు కాకా.”

“మడమ?”

“లేస్తలేదు.”

అతను వంగి, బూటు మొన మీద బొటనవేలితో నొక్కి చూశాడు. ముందు ఒక వేలంత ఖాళీ ఉంది. “ఆరో నంబరు. నీ కాలు సూసి కుట్టినట్టున్నది.”

“ఏడో నంబరు తియ్యి,” అన్నాడు ఎల్లేశం.

“ఎందుకన్నా? మంచిగ కుదిరె గద.”

“తియ్యమంటున్న.”

ఏడో నంబరు వచ్చింది. సారక్క తొడుక్కుని వాలు మీద దిగితే మడమ దగ్గర టప్పుమంది. మొయినుద్దీన్ తల అడ్డంగా ఊపాడు. “ఇగో, గిది పెడితే ముందు షూ నడుస్తది, ఎన్క ఈమె నడుస్తది. చిన్నపిల్లలకు పెరుగుతరని ఒక నంబరు పెద్దది కొంటరు. ఈమె ఇంకేం పెరుగుతదన్నా?”

ఎల్లేశం ఏడో నంబరు డబ్బాను బిడ్డ వైపు జరిపాడు. నుదుటి మీద చెమట పట్టింది. సారక్క తండ్రి ముఖం చూసింది, తర్వాత అతని కాళ్ల వంక చూసింది. పాదం కంటే వేలెడు పొడుగు చెప్పులు.

“ఇవే ఇయ్యి కాకా,” అంది. “లోపల రెండు సాక్సులు తొడుక్కుంట.”

ఎల్లేశం గనిలో కప్పు నిలబెట్టే పనివాడు. బొగ్గు తీసిన చోట పైబండ కూలకుండా కింద దిమ్మెలు పెట్టడం, బోల్టులు బిగించడం అతని పని. మూడేళ్ల కింద కాలం చెల్లిన బూట్లు మార్చుకునే రోజు స్టోరులో అతని నంబరు లేకుండా పోయింది. ఒక నంబరు పెద్దవి ఇచ్చారు. తిట్టుకుంటూనే తొడుక్కున్నాడు. ఆ వారంలోనే పైనుంచి బండ దిగింది. మీద పడలేదు, బూటు ముందు భాగం మీద పడి ఆగింది. టోపీకున్న లైటు వెలుతురులో తన కాలు బండ కింద ఎక్కడ మాయమైందో అతనికి కనబడింది. పైన కప్పు చిటచిటమంటూ ఉంది. ఆ చప్పుడు తెలియని గని మనిషి ఉండడు. పెద్దది రాబోతోందని చెప్పే చప్పుడు అది.

అతని జతగాడు హమీద్ పారిపోలేదు. నాలుగడుగుల దూరంలో బోర్లా పడుకుని, లైటు అతని కాలి మీద పెట్టి అరిచాడు. “ఎల్లేశం, వేళ్లు కదుల్తున్నయా?”

“కదుల్తున్నయి.”

“అయితే గుంజు! దేవుని మీద భారమేసి ఒక్క గుంజు గుంజు!”

గుంజాడు. పాదం వచ్చింది. బూటు రాలేదు. ఇద్దరూ పాక్కుంటూ మలుపు తిరిగారో లేదో వెనక చోటంతా మూసుకుపోయింది. ఆ బూటు ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆ తర్వాత కొన్నాళ్లు ఆ షిఫ్టులో అందరూ స్టోరుకు పోయి ఒక నంబరు పెద్దవి అడిగి తెచ్చుకున్నారు. లేసులు వదులుగా కట్టుకుని గని దిగేవారు. “బాతులోలె నడుస్తరేందిరా మీరంత!” అని పని చూసే సర్దార్ తిట్టిపోసేవాడు. బురదలో బూట్లు ఊడిపోతుంటే, మడమలు పుండ్లయితే, ఒకరి తర్వాత ఒకరు మళ్లీ మామూలు నంబరుకు వచ్చారు. ఎల్లేశం రాలేదు. చెప్పులైనా సరే, బూట్లైనా సరే, కాలు సులువుగా బయటికి రావాలి. బిగిసిన దాంట్లో కాలు పెడితే బండ కింద పెట్టినట్టే ఉంటుంది. “మనిషి సందు మలుపుకాడ ఉండంగనే చెప్పుల చప్పుడు ఇంట్లకొస్తది. దొంగతనానికైతే పనికిరాడు,” అంటుంది అతని భార్య రాజకుమారి.

ఆదివారం ఎల్లేశానికి సెలవు. సంచి నిండా బరువు వేసుకుని రామగిరి గుట్ట ఎక్కి దిగుతానంది సారక్క. అడవికి పోయే ముందు కాళ్లకు అలవాటు కావాలట. ఒక్కదాన్నే పోనిస్తే ఇంట్లో కూర్చోలేడు కాబట్టి ఎల్లేశం కూడా తన వదులు బూట్లు తొడుక్కుని వెంట వచ్చాడు.

భాద్రపదం. వాన వెలిసి రెండు రోజులైనా రాళ్ల మీద పాచి ఆరలేదు. గుట్ట మీది కోట చూడటానికి శ్రావణంలో వచ్చేంత జనం ఇప్పుడు లేరు. ఎక్కేటప్పుడు అంతా బాగానే ఉంది. సారక్క ముందు, అతను వెనుక. ఆమె షూ మెట్టు మెట్టుకూ టప్పు టప్పుమంటుంటే అతనికి అదొక ధైర్యం. ఆ చప్పుడు ఉన్నంతసేపు కాలు ఇరుక్కోదు, ఇరుక్కున్నా వస్తుంది. అయినా అతని చూపు బిడ్డ మీద లేదు, రాళ్ల మధ్య సందుల మీద ఉంది. ఈ సందులో కాలు పడితే? ఆ బండ కదిలితే? నిలబడి ఉన్న ప్రతి రాయీ అతనికి ఇప్పుడో ఇంకాసేపటికో కూలబోయే రాయిలానే కనబడింది.

పైన పగిలిన బురుజు మీద కూర్చుని రొట్టె, పల్లీల పచ్చడి తిన్నారు. దూరంగా ఓపెన్ కాస్టు గని మట్టి దిబ్బలు, వాటి వెనుక కరెంటు ప్లాంటు పొగగొట్టాలు. గోదావరి వైపునుంచి మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది.

“పోదాం పా. జల్ది,” అన్నాడు ఎల్లేశం.

దిగడం మొదలుపెట్టిన కాసేపటికే సారక్క నడక మారింది. ఒక్కో మెట్టు దగ్గర పళ్లు బిగపడుతోంది.

“ఏంది బిడ్డా?”

“వేళ్లు పోయి ముందట కొడుతున్నయి బాపు. గోర్లు సలుపుతున్నయి.”

“జర మెల్లగ నడువు.”

“మెల్లగ నడిస్తె గూడ జారుతంది లోపల. సాక్సులు ముద్దలైనయి.”

“లేసు కొద్దిగ బిగియ్యరాదు,” అనాలనుకున్నాడు. నోరు రాలేదు. చినుకులు పడ్డాయి. ఆకుల మీద చిటచిట మొదలైంది. ఆ చప్పుడు వినగానే అతని మెడ వెనుక వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. వానే, వానే, అని తనకు తాను చెప్పుకున్నాడు.

కోట దర్వాజా కింద దారి ఇరుకు. ఒక పక్క బండలు, ఇంకో పక్క కూలిన గోడ. గోడ అవతల రెండు నిలువుల లోతు, కింద సీతాఫలం పొదలు. సారక్క ఎడమకాలు పాచిపట్టిన మెట్టు మీద పెట్టింది. షూ ఆగింది. లోపల పాదం ఆగలేదు. అది ముందుకు జారి పక్కకు మెలిపడింది, వీపున సంచి ఆమెను గోడ వైపు లాగేసింది. కెవ్వుమంది. కూర్చున్నట్టే జారిపోతూ గోడ అంచుకు పోయింది. అక్కడ రెండు బండల నడుమ సందులో ఆ ఎడమకాలు చీలమండ దాకా దిగబడి ఆమెను ఆపింది. నడుం పైభాగం గోడ బయటికి వాలి ఉంది. సంచి వెనక్కి వేలాడుతూ గుంజుతోంది.

“బాపూ!”

ఎల్లేశం కదలలేదు. కదలాలనుకున్నాడు, కాళ్లు రాలేదు. కళ్ల ముందు బిడ్డ కాలు బండల్లో ఎక్కడ మాయమైందో అక్కడే అతని చూపు అతుక్కుంది. వాన లేదు, కొండ లేదు. చీకటి, టోపీ లైటు, పైన చిటచిట. ఇంకో క్షణం అయితే మూసుకుపోతుంది. పారిపో, పారిపో అని ఒళ్లంతా అరుస్తోంది. పారిపోవడానికి కూడా కాళ్లు రాలేదు.

“బాపు! సంచి గుంజుతంది! పట్టుకో!”

అతని నోట మాట వచ్చింది. అది అతని మాట కాదు, హమీద్ మాట.

“వేళ్లు కదుల్తున్నయా?”

“ఏంది?”

“కాలి వేళ్లు, బిడ్డా! కదుల్తున్నయా?”

“కదుల్తున్నయి!”

ఆ ఒక్క జవాబుతో అతని మోకాళ్లు వంగాయి. బోర్లా పడి, పాకుతూ పోయి, ఆమె అంగీ నడుం దగ్గర పిడికిట్లో పట్టుకున్నాడు. “సంచి ఇడువు. పట్టీ తియ్యి.”

“అండ్ల అన్నీ…”

“ఇడువు అంటున్న!”

ఆమె ఛాతీ మీది క్లిప్పు నొక్కింది, భుజాలు విదిలించింది. సంచి పోయి కింద పొదల్లో ధబ్బుమని పడింది. ఒక కోతి కిచకిచమంటూ లేచి పారిపోయింది. బరువు పోగానే ఆమె నడుం లోపలికి వచ్చింది. ఎల్లేశం రెండు చేతులా ఆమెను పట్టుకుని, “ఇగ గుంజు. ఒక్క గుంజు,” అన్నాడు.

పాదం వచ్చింది. షూ సందులోనే ఉండిపోయింది.

ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని ఎల్లేశం రెండు చేతులతో పొదివి పట్టుకున్నాడు. తర్వాత పిచ్చివాడిలా నవ్వాడు. “వచ్చింది. సూసినవా బిడ్డా, వచ్చింది! పెద్దగున్నది గాబట్టే వచ్చింది!”

సారక్క రొప్పుతోంది. రెండు అరచేతులూ తోలు లేచి ఎర్రగా ఉన్నాయి. ఆమె కోపంగా అనలేదు, మెల్లగానే అంది.

“పెద్దగున్నది గాబట్టే పడ్డ బాపు.”

ఎల్లేశం నవ్వు ఆగిపోయింది. బండల సందు వంక చూశాడు. వాన జోరందుకుంది.

ఉత్త కాలితో ఆ రాళ్ల మీద దిగడం కుదరదు. షూ తీయాలి. అతను బండల సందు దగ్గర పడుకుని చేయి లోపలికి పెట్టబోయాడు. మణికట్టు దాకా పోగానే చేయి దానంతటదే వెనక్కి వచ్చింది. మళ్లీ పెట్టాడు. చల్లటి రాయి చేతికి రెండు వైపులా తగిలింది. కళ్లు మూసుకున్నాడు. లోపలికి జారిపోయిన షూ మోచేయి దాకా పోయాక తగిలింది. మడమ వైపు పట్టుకుని తిప్పి లాగితే వచ్చింది. చేయి బయటికి తీసి వేళ్లు ఒకటొకటే ఆడించి చూసుకున్నాడు.

సారక్క సాక్సు విప్పింది. రెండు గోళ్లు కందిపోయి నీలంగా ఉన్నాయి. చీలమండ గీరుకుపోయింది, కాస్త వాచింది. కాలు అటూ ఇటూ తిప్పి చూసి, “ఇరగలేదు,” అంది. “కట్టు బాపు. మొయినుద్దీన్ కాక కట్టినట్టు కట్టు. నా చేతులు పట్టయి.”

అతను తొడిగాడు. లేసు కట్టాడు. ఆమె లేచి ఒక మెట్టు దిగింది. టప్పుమంది. మళ్లీ కూర్చుంది.

“ఇది నువ్వు నీకు కట్టుకున్నట్టున్నది.”

“బిగించిననే.”

“బాపు, కింద ఇంకా ఎంతున్నదో సూడు. మల్లొక్కసారి పడితే ఆ సందు ఉండదు ఆపటానికి.”

అతను గోడ అవతలికి చూశాడు. సంచి పొదల్లో తలకిందులుగా పడి ఉంది. అక్కడ సంచికి బదులు బిడ్డ కనబడింది. ఒక్క రెప్పపాటే. మెడలోని తువ్వాల తీసి, పళ్లతో చింపి, ఒక పీలికను ఆమె పాదం మీద, మడమ చుట్టూ చుట్టాడు. ఒక నంబరు ఖాళీ అలా పూడింది. దాని మీద షూ తొడిగాడు. మడమను వెనక్కి తట్టి కూర్చోబెట్టాడు.

మొదటి కన్నం దగ్గర గుంజాడు. అతని కుడికాలి వేళ్లు ముడుచుకున్నాయి. రెండో దగ్గర గుంజితే ఊపిరి ఆగింది. బిడ్డ పాదాన్ని తన చేతులతో బండ కింద పెడుతున్నట్టే ఉంది. లేసు చేతిలోంచి జారింది.

“వేళ్లు కదుల్తున్నయా?”

“కదుల్తున్నయి. బిగియ్యి.”

ఇంకో కన్నం. “ఇప్పుడు?”

“కదుల్తున్నయి బాపు.”

పై కన్నం దగ్గర లేసును మడిచి ఉచ్చులా చేసి, రెండో కొసను అందులోంచి తీసి గుంజాలని మొయినుద్దీన్ దుకాణంలో చూపించాడు. అప్పుడు ఎల్లేశం తల తిప్పుకున్నాడు కానీ కన్ను మాత్రం చూసింది. అలాగే చేసి గుంజాడు. బూటు ఆమె చీలమండను పట్టుకుంది. ముడి దగ్గర ఆగి, దిమ్మెలు మోసే తాడుకు వేసే ముడి వేశాడు. ఎంత బరువుకైనా ఊడదు, ఒక కొస పట్టి లాగితే మాత్రం విచ్చిపోతుంది.

“ఇగో, ఈ కొస. కాలు ఎక్కడన్న పట్టిందనుకో, మనిషికోసం సూడకు, నా కోసం సూడకు. ఇది గుంజు.”

“గిదా?” అని సారక్క గుంజింది. ముడి విచ్చిపోయి మొత్తం లేసు వదులైంది.

“అగ్గో! ఇప్పినవ్!”

“ఊడుతదో లేదో సూడాలె గద.” ఆమె పెదాలు వణుకుతూనే నవ్వాయి. అతను మళ్లీ మొదటి కన్నం నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. తర్వాత రెండో షూ కూడా. ఒక్కో కన్నానికీ వేళ్ల సంగతి అడుగుతూనే కట్టాడు.

లేచాక ఆమె అతని బూట్ల వంక చూసింది. “నీయి గూడ కడుదునా? చేతులు మండినా సరే.”

“నాయి ఉండనీ,” అన్నాడు ఎల్లేశం గబుక్కున, ఒక అడుగు వెనక్కి వేసి.

ఆమె బలవంతం చేయలేదు. కుంటుతూ ముందు నడిచింది. ఎండుకొమ్మ ఒకటి విరిచి ఇస్తే పట్టుకుంది. మెట్టు మీద పాదం పెడితే పెట్టినచోటే ఉంది. జారలేదు, మెలిపడలేదు, చప్పుడు లేదు. ఆ చప్పుడు లేకపోవడమే ఎల్లేశాన్ని చంపుతోంది. ఇంతసేపూ టప్పు టప్పుమంటూ ఉన్నానని చెప్పిన బిడ్డ ఇప్పుడు నిశ్శబ్దంగా పోతోంది. మలుపు తిరిగితే కనబడదు, వినబడదు.

“వేళ్లు కదుల్తున్నయా?”

“కదుల్తున్నయి.”

మళ్లీ మలుపు. “సారక్కా!”

“కదుల్తున్నయి బాపు! నీ బూట్ల చప్పుడు ఇనబడ్తంది, రా నువ్వు!”

దారి చుట్టు తిరిగి ఆ కూలిన గోడ కిందికి వచ్చేచోట పెద్ద బండ ఒకటి అడ్డం వచ్చింది. దాని అవతలికి ఆమె పోయింది. ఎల్లేశం అడిగాడు. జవాబు రాలేదు. వాన చప్పుడేమో అని ఇంకాస్త గట్టిగా అడిగాడు. రాలేదు. చిటచిట. అతను పరుగెత్తాడు. ఎడమ బూటు ఊడి మెట్టు మీద ఉండిపోయింది, తెలియలేదు. బండ చుట్టూ తిరిగి చూస్తే, పొదల్లోంచి సంచిని ఈడ్చుకొస్తూ సారక్క కనబడింది. మోకాళ్ల దాకా తడిగడ్డి.

“పిలుస్తుంటే పలుకవేందే!” అతని గొంతు పిల్లవాడి గొంతులా వచ్చింది.

“ఇనలే. పొదలల్ల చొచ్చిన.” ఆమె అతని కాళ్ల వంక చూసింది. “నీ బూటేది?”

అతను తన కాళ్ల వంక చూడను కూడా లేదు. ఆ తడిలోనే ఆమె ముందు కూలబడి, ఆమె ఎడమకాలు తొడ మీద పెట్టుకుని, ముడి కొస పట్టి లాగాడు. ఒక్క గుంజుకే విచ్చింది. లోపల వేలు దూర్చి, ఆమె కాలివేళ్లు ఒకటొకటే తాకి చూశాడు. వెచ్చగా ఉన్నాయి. ఆమె వాటిని ఆడించింది.

“ఇంటికి పోదాం బాపు.”

“ఆగు,” అన్నాడు. లేసు రెండు కొసలూ పట్టుకుని, పొంగి వస్తున్న ఊపిరిని పళ్ల మధ్య ఆపుకుని, మళ్లీ మొదటి కన్నం దగ్గర నుంచి బిగించడం మొదలుపెట్టాడు. “కింద గూడ రాళ్లున్నయి.”